మా నాయనమ్మను దేవతను చేసినవాళ్ళు

మా ఇంట్లో సాయంత్రం దీపారాధనలో ఒక వత్తి మా నాయనమ్మ పేరిట వెలిగేది. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఆ వత్తి ఆయనే వెలిగించేవారు. నాకు అక్షరాలు దిద్దించినవారూ, రామాయణం చదవడం నేర్పినవారూ ఆయనే. బడి మొహం నేనెరగను. ఆ చదువుతోపాటే నాయనమ్మ కథ కూడా చెప్పారు.

గోదావరికి ఆనకట్ట కట్టకముందు సంగతి అది. మా వాళ్ళది గౌతమి నడుమ ఒక లంక ఊరు. శ్రావణంలో వరద వచ్చి లంక మునిగిపోతోందట. ఇంటిల్లిపాదీ పడవ ఎక్కితే చోటు చాల్లేదట. అప్పుడు మా నాయనమ్మ పురిటి పిల్లను చంకనెత్తుకుని, "మీరు వెళ్ళండి, నన్ను గోదారమ్మ పిలుస్తోంది" అని చేతులు జోడించి నిలబడిపోయిందట. నవ్వుమొహంతో నీళ్ళలో కలిసిపోయిందట. ముత్తయిదువుగా పోయి, పోయాక ఊరిచేత పూజలందుకునే ఆడదాన్ని మా వైపు పేరంటాలంటారు. అలా మా నాయనమ్మ పేరంటాలమ్మ అయింది. ఆ రేవులోనే ఆవిడకు గుడి కట్టారు. ఏటా అక్కడ తీర్థం, పెద్ద జాతర.

అప్పటికి నాన్నగారికి అయిదేళ్ళు. తాతగారు మళ్ళీ పెళ్ళి చేసుకోగానే మేనమామలు ఆయన్ను రాజమహేంద్రవరం తీసుకుపోయి పెంచారు. ఆయన మళ్ళీ ఆ లంకలో అడుగు పెట్టలేదు. "మా అమ్మ నిలబడ్డ చోటు చూసి తట్టుకోలేనమ్మా" అనేవారు. చూడకుండానే పోయారు.

ఆయన పోయిన మరుసటి ఏడు మా అమ్మాయికి కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసి గుమ్మంలో కూలబడితే, నేను దేవుడి మూల నిలబడి, "నాయనమ్మా, నా బిడ్డను గట్టెక్కించు. నీ తీర్థానికి వచ్చి చీర పెడతాను" అని మొక్కుకున్నాను. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు. నా ఇంటికి ఇంత మేలు చేసిన తల్లి ఊరు చూడాలి, నాన్నగారు చూడలేని చోటు ఆయన తరఫున చూడాలి అనుకుని బయలుదేరాను. అంత కృతజ్ఞతతో వెళ్ళినదాన్ని. ఇన్నేళ్ళయినా ఆ ప్రయాణం గురించి రాయడానికి కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

నాయనమ్మ పోయింది శ్రావణంలో, తీర్థం చేసేది మాఘంలో. శ్రావణంలో అయితే వరద భయం గదా, దేవత కోసమైనా ఏట్లోకి ఎవరు దిగుతారు! ఆ ముక్క అప్పుడు నాకు తట్టలేదు.

మా వారు నన్ను ధవళేశ్వరం నుంచి కాలవ పడవలో తీసుకువచ్చి, ఏరు దాటించి, కచేరీ పని ఉందని వెనక్కి వెళ్ళిపోయారు. తీర్థం అయ్యాక వచ్చి తీసుకువెళతానన్నారు. రేవులోకి మా బాబయ్యగారు ఎదురొచ్చారు. నాన్నగారికి సవతి తమ్ముడు, ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. "మా అన్నయ్య కూతురు. పేరంటాలమ్మకు స్వయాన మనవరాలు!" అని రేవులో ఉన్నవాళ్ళందరికీ చెప్పారు. ఆడవాళ్ళు వచ్చి నా కాళ్ళకు పసుపు రాశారు. నేను వంగి రేవులో మట్టి తీసి కళ్ళకద్దుకున్నాను. గుడి చిన్నది, పెంకులు కొత్తగా వేయించారు. లోపల పసుపు ముద్దలా ఉన్న రాతి బొమ్మ, మెడనిండా గాజుల దండలు. నా కళ్ళు చెమర్చాయి. ఒంటిగా పెరిగిన మా నాన్నకు ఇంత పెద్ద ఊరు, ఇంతమంది చుట్టాలు ఉన్నారా అనిపించింది.

ఇంట్లో అడుగు పెట్టగానే పులిహోర పోపు వాసన. తీర్థానికి వచ్చిన చుట్టాలతో నాలుగు వసారాలూ నిండిపోయాయి. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళితే గడ్డివామి పక్కన తాటాకు పాకలోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. ఆ ఏడుపు వెనక సన్నగా ఒక మూలుగు.

"ఎవరు పిన్నీ అక్కడ?" అన్నాను బాబయ్యగారి భార్యతో.

"మా కోడలు. పురుడు వచ్చింది గదా. ఆడపిల్ల."

"పురుడు వెళ్ళలేదా ఇంకా?"

"మాకందరికీ పదకొండో నాడే శుద్ధి అయింది. దానికి ఇరవయ్యొక్కటో నాడు నీళ్ళు పోసేదాకా మైలే. లోపలి గదిలోనే ఉంచాం, తీర్థానికి ఇంతమంది మడివాళ్ళు వస్తారని నాలుగు రోజుల కిందట పాకలోకి మార్చాం. పుట్టింటికి పంపుదామంటే దానికి తల్లి లేదాయె."

"మూలుగుతోంది పిన్నీ."

"బాలింత అన్నాక ఆ మాత్రం జ్వరం ఉండదుటమ్మా? మంత్రసాని కషాయం ఇస్తూనే ఉంది. నువ్వు ముందు కాస్త మజ్జిగ తాగు."

నేను మజ్జిగ తాగలేదు. పాక దగ్గరకు వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. పదిహేడేళ్ళు ఉంటాయేమో. గోనెపట్టా మీద ముడుచుకు పడుకుంది. ఒంట్లో వణుకు, కళ్ళలో చూపు లేదు. నన్ను చూసి, "వదినగారా? పిల్లకి పాలు చాలడం లేదండి" అంది. నా వరస ఎవరు చెప్పారో, ఆ స్థితిలో ఎలా గుర్తుందో. వాసన చూస్తేనే తెలిసింది నాకు, అది మామూలు జ్వరం కాదు. నేను అయిదు పురుళ్ళు పోసుకున్నదాన్ని.

తిన్నగా బాబయ్యగారి దగ్గరకు వెళ్ళాను. "బాబయ్యగారూ, కోడలిపిల్లకి సూతిక జ్వరం. రాజమహేంద్రవరంలో దొరసాని డాక్టరు ఉంది, ఆడవాళ్ళనే చూస్తుంది. ఇప్పుడే పడవ కట్టిస్తే రేపటికి చేరతాం" అన్నాను.

ఆయన వక్కలు కత్తిరించుకుంటూ తల ఊపారు. "పడవ లేదమ్మాయ్. మన పడవ అమ్మవారిది. రేపు ఊరేగింపుకి కడిగించి పసుపు రాయించాను. అందులో పురిటిదాన్ని ఎలా ఎక్కిస్తాం?"

"ఊళ్ళో ఇంకో పడవ లేదుటండీ?"

"ఉన్నవన్నీ చుట్టాల్ని దాటించడానికి పోయాయి. అయినా ఒక్కరోజులో ఏమైపోతుంది? తీర్థం కానీ, ఎల్లుండి చూద్దాం. పేరంటాలమ్మ ఉండగా ఈ ఇంట్లో బాలింతకు భయమేంటి?"

వాళ్ళబ్బాయి, ఆ పిల్ల మొగుడు, నాకు తమ్ముడి వరస, పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏరా, నువ్వేమంటావు?" అన్నాను. "నాన్నగారు చూసుకుంటారండీ" అన్నాడు. నేలవంక చూస్తూ అన్నాడు.

దేవుడు నన్ను కోపం తక్కువదానిగానే పుట్టించాడు. అందుకు రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆవేళ కూడా, పెద్దలు గదా, వాళ్ళ ఆచారం వాళ్ళది, నాయనమ్మే చూసుకుంటుంది అని సర్దిచెప్పుకుని పడుకున్నాను.

తెల్లవారి నూతి దగ్గర మా మేనత్త నాకు తలంటు నీళ్ళు తోడింది. నాన్నగారికి అక్క. ఊహ తెలియకముందే పెళ్ళయి, కాపురానికి వెళ్ళకుండానే విధవయి, సవతి తమ్ముడి ఇంట్లో నీళ్ళు తోడుతూ బతుకు వెళ్ళదీసిన మనిషి. గుండు మీద ముసుగు సర్దుకుంటూ, "మీ నాన్న ఎలా ఉండేవాడే?" అని అడిగింది. నేను చెప్పాను. రోజూ దీపం పెట్టేవారనీ, వాళ్ళమ్మ చేతులు జోడించి నవ్వుతూ నిలబడిందని నాకు చెప్పేవారనీ చెప్పాను.

మా అత్త చేద నూతి గట్టు మీద పెట్టేసింది.

"ఎవరే చెప్పారు వాడికి చేతులు జోడించిందని? వాడికేం తెలుసు, నా ఒళ్ళో తల దాచుకుని ఏడుస్తున్నాడు. నేను చూశాను. మా అమ్మ చేతులు జోడించలేదు, చాచింది. ముందు పిల్లను చాపింది. 'దీన్నైనా తీసుకోండి' అంది."

"పడవలో చోటు లేదుగా అత్తయ్యా?"

"చోటు లేకేమే? ఇద్దరు పట్టే చోటుంది. దేవతార్చన పెట్టె ఉంది పడవలో, మా నాన్నను కన్న ముసలావిడ మడి బిందెలున్నాయి, ఆవకాయ జాడీలున్నాయి. అమ్మ పురిట్లో ఉంది, అదిగో ఆ పాక ఉన్నచోటే. పురిటిది ఎక్కితే పడవంతా మైల అయిపోదూ? 'వీటిని దింపి మళ్ళీ వస్తాం, గడ్డివామి ఎక్కి కూర్చో' అన్నాడు మా నాన్న. నిజం చెప్పాలి, మళ్ళీ వెళ్ళాడు కూడాను. వెళ్ళేసరికి వామి లేదు, పాకా లేదు."

నేను తల తిప్పి పాక వైపు చూశాను.

"తరవాత మా సవతితల్లికి పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే భయం పట్టుకుంది. ఎవరో సోదెమ్మ, పోయినావిడ పూజ అడుగుతోంది అంది. గుడి కట్టారు, పేరంటాలన్నారు, నవ్వుతూ వెళ్ళిందన్నారు. ఇలా కాదు అన్నానని నాకు రెండు రోజులు అన్నం పెట్టలేదు. అప్పటినించీ నోరు మూసుకున్నాను." చేద మళ్ళీ నూతిలోకి వదిలింది. "కానీ పాపం, ఈ పిల్ల పోతుందే అమ్మాయ్. నిన్నటినించీ ఆ మూలుగు వింటూంటే మా అమ్మే అనిపిస్తోంది."

నేను తడి జుట్టు ముడి కూడా వేసుకోలేదు. మొహాన పసుపు, నుదుట రూపాయంత బొట్టు, పసుపులో ముంచిన తడిచీర. మొక్కు చెల్లించే ఆడది ఎలా ఉండాలో అలా ఉన్నాను. చేతిలో చీర పెట్టిన పళ్ళెం. గుడికి వెళ్ళే దారి గడ్డివామి పక్కనుంచే. వసారాలో బాజావాళ్ళు డోళ్ళు సవరించుకుంటున్నారు. పాకలో మూలుగు వినబడడం లేదు.

వినబడకపోయేసరికి నా ఒంట్లో ఏదో తెగిపోయింది. పళ్ళెంతో సహా లోపలికి వెళ్ళాను. ఊపిరి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పసిది ఆరిపోయిన రొమ్ము పట్టుకుని పీకుతోంది. పిల్లను చంకనేసుకుని, ఆ అమ్మాయిని రెండో చేత్తో లేవదీసి, ఈడ్చుకున్నట్టే పెరట్లోకి తీసుకొచ్చాను.

పిన్ని గుండెలు బాదుకుంది. "ముట్టుకుంది! పురిటిదాన్ని ముట్టుకుంది! అమ్మవారి చీర మైల అయిపోయింది!"

చుట్టాలు వెనక్కి వెనక్కి జరిగారు, మా నీడ తగులుతుందేమోనన్నట్టు. బాబయ్యగారు పట్టుపంచె ఎగ్గట్టుకుని వచ్చారు. "ఏం పని అమ్మాయ్ ఇది? దాన్ని అక్కడ దింపు. వెళ్ళి మళ్ళీ తలమీంచి నీళ్ళు పోసుకో. ముహూర్తం మించిపోతోంది."

"ఒరేయ్!" అన్నాను.

తండ్రి తరవాత తండ్రి. ఆయన్ను పేరు పెట్టి అనడానికే నోరు రానిదాన్ని నేను. ఆ కేక నా గొంతులోంచే వచ్చింది.

"పడవ తియ్యండిరా! ఆనాడూ పడవలో చోటుంది. దేవుడి పెట్టెకు చోటుంది, బిందెలకు చోటుంది, ఆవకాయ జాడీకి కూడా చోటుంది, పురిటిదానికే చోటు లేకపోయింది! చేతులు చాస్తే కళ్ళప్పగించి చూస్తూ పోయారు. ముంచేసి గుడి కట్టారు. దీన్ని కూడా చంపి ఇంకో గుడి కడతారా? ఎన్ని కడతార్రా? లంకంతా గుళ్ళే కడతారా?"

బాబయ్యగారి మొహంలో నెత్తురు లేదు. ఆవకాయ జాడీ సంగతి నాకెవరు చెప్పారా అన్నట్టు నన్ను చూశారు.

అప్పుడు మా అత్త నూతి దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద దభీమని పడింది. "అమ్మా! వచ్చావా అమ్మా! ఇన్నాళ్ళకి వచ్చావా!"

ఎవరో, "అమ్మ పూనింది!" అని అరిచారు. అంతే. డోళ్ళు మొదలయ్యాయి. హారతి పళ్ళెం వచ్చింది, నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పడ్డాయి. ఇందాక గుండెలు బాదుకున్న పిన్నే వేపమండలతో నాకు విసరడం మొదలెట్టింది. బాబయ్యగారు వణుకుతూ సాష్టాంగపడ్డారు.

నేను నాయనమ్మను కాదు, మీ అన్నగారి కూతుర్ని, నాకు వచ్చింది కోపం అని చెప్పబోయాను. దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు. నోరు తెరిచేసరికి మా అత్త నా మడమ మీద గోళ్ళు దిగేలా గిచ్చి, "ఊరుకోవే. పడవ రానీ" అంది నాకు ఒక్కదానికే వినబడేలా.

"తప్పయిపోయింది తల్లీ! ఏం కావాలి? చలిమిడి పెట్టించమంటావా? మండపం కట్టించమంటావా?" అన్నారు బాబయ్యగారు.

"పడవ!" అన్నాను.

"పడవ తల్లీ, చిత్తం. ఇంకా?"

"పడవరా!" అని అరిచాను. పసిది నా చంకలో ఉలిక్కిపడి ఏడ్చింది.

పడవ వచ్చింది. పసుపు రాసి, మామిడాకులు కట్టిన అమ్మవారి పడవ. నేనూ, మా అత్తా, ఆ పిల్లా, దాని మొగుడూ, పసిదీ ఎక్కాం. నాయనమ్మకని తెచ్చిన చీర ఆ పిల్లకు కప్పాను. గెడవేసే అతను నడివయసు పల్లెకారు. మైల పడవ నడపడానికి అతనేమైనా అంటాడేమోనని నేను చూస్తుంటే, "పడవకి మైలేటండమ్మా? కిందున్నదంతా గోదారే గదండి" అని గెడ నేలకు పొడిచాడు. ఆ మాటకు నేను అతనికి జన్మంతా ఋణపడి ఉన్నాను. మా తమ్ముడు మాత్రం ఏరు దాటిందాకా నాకు చేతులు జోడించే కూర్చున్నాడు. "దాని నోట్లో నీళ్ళు పొయ్యరా" అంటే, "చిత్తం తల్లీ" అని పోశాడు. నిన్న అక్కయ్యగా అడిగితే నేల చూపులు చూసినవాడు!

కాలవ పడవ ఎక్కాక అత్తను అడిగాను. "నిజంగా మా నాయనమ్మే అనుకున్నావా అత్తయ్యా?"

"నువ్వెవరో నాకు తెలియదూ? పొద్దున్న నీ నెత్తిన నీళ్ళు పోసినదాన్ని. ఆ ఇంట్లో బతికున్న ఆడదాని మాట ఏనాడైనా చెల్లిందా? చచ్చినావిడ మాటైనా చెల్లుతుందేమోనని చూశాను. చెల్లింది."

దొరసాని డాక్టరు ఆ పిల్లను చూసి నా మీద కేకలేసింది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు, మీకు బుద్ధి లేదా అని వచ్చీరాని తెలుగులో తిట్టింది. ఆ తిట్లు నాకు అష్టోత్తరంలా వినబడ్డాయి. ఆ పిల్ల చాలా రోజులు అటూ ఇటూగా ఊగి, ఆఖరికి బతికింది. పసిదీ బతికింది. కోలుకునేదాకా ఇద్దర్నీ మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పరమేశ్వరుడికి, ఆ దొరసానికి, పల్లెకారుకి, మా అత్తకి నేను రోజూ దణ్ణం పెట్టుకున్నాను. లంకలో ఉన్న మావాళ్ళలో ఒక్కరికీ పెట్టుకోలేదు.

ఉగాది వెళ్ళాక బాబయ్యగారు కోడల్ని తీసుకువెళ్ళడానికి మా ఇంటికి వచ్చారు. గంపెడు మామిడికాయలు తెచ్చారు. గుమ్మంలోనే నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి తగ్గాను. ఆయన మొహం వెలిగిపోతోంది. తీర్థం ఎన్నడూ లేనంత బాగా జరిగిందట. పేరంటాలమ్మ మనవరాలి ఒంటి మీదికి వచ్చి కోడల్ని కాపాడుకుందని ఏటికి అటూ ఇటూ ఊళ్ళన్నీ చెప్పుకుంటున్నాయట. బాలింతలు కర్ర పడవలు చేయించి మొక్కుకుంటున్నారట.

నాకు వంటింట్లోకి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు. "కూర్చోండి బాబయ్యగారూ. ఆవేళ నా మీదికి ఎవరూ రాలేదు. అరిచింది నేను. ఒళ్ళు తెలిసే అరిచాను. అత్తయ్య చెప్పింది, నేను అన్నాను."

ఆయన చిరునవ్వు నవ్వారు, చిన్నపిల్లల మాటలకు నవ్వినట్టు. "పూనకం వచ్చినవాళ్ళకి ఆ సంగతి ఏం తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసు."

"అలాగే అంటారు అందరూ."

"సరే. పేరంటాలమ్మే వచ్చిందనుకోండి. అయితే వినండి. ఆ పాక పీకించండి. ఇంకెప్పుడూ బాలింతను పెరట్లో పడెయ్యకండి. జ్వరం వస్తే ఆ పూటే పడవ కట్టించండి. ఇది ఆవిడ మాటే అనుకోండి."

ఆయన కండువా భుజం మీద సర్దుకున్నారు. ఎంతో మర్యాదగా, ఎంతో ఆప్యాయంగా అన్నారు: "ఇప్పుడు అమ్మ నీ మీద లేదు గదమ్మా."

మా అత్త వంటింటి గుమ్మంలోంచి, "వాడితో ఎందుకే?" అంది. ఆవిడ ఇంక ఆ ఊరు వెళ్ళలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఒక్కటీ నేను సాధించినది. కోడలిపిల్లను ఆపే హక్కు నాకు లేదు. మొగుడున్నాడు, అత్తవారిల్లు. ఆపి ఎక్కడ పెట్టను? ఆమె తండ్రికి కబురు పెడితే, "వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇష్టం" అని చెప్పి పంపాడు.

రేవులో బాబయ్యగారు పడవవాళ్ళతో మాట్లాడుతుండగా ఆ పిల్ల పసిదాన్ని ఎత్తుకుని నా దగ్గరకు వచ్చింది. మొహానికి కాస్త రంగు వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది:

"వదినగారూ, మళ్ళీ నాకు నెలలు నిండేసరికి కబురు పెడతాను. మీరు వస్తారా?"

"పురుడు పొయ్యడానికా? తప్పకుండా వస్తాను."

"అందుకు కాదండి. వచ్చి మొన్నటిలాగే అరవాలి. వాళ్ళు అదొక్కటే వింటారు."

పదిహేడేళ్ళ పిల్ల అంది ఆ మాట, ఏ కోపమూ లేకుండా, ఉప్పు చేబదులు అడిగినట్టు. నాకొచ్చిన కోపం ఇంత అని చెప్పలేను. వస్తానని ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాను.